షాకులు పడుకోబెట్టిన బగ్గీ: చెల్క నేల మీద రాకర్ సస్పెన్షన్ లెక్క

రిమోట్‌తో నడిపే ఆర్‌సీ బండ్లలో ఏ కంపెనీ రేసు బగ్గీ తీసుకున్నా, పైన బాడీ విప్పితే లోపల కనబడేది దాదాపు ఒకటే. కింద వెడల్పాటి ఆర్మ్, పైన సన్నటి క్యాంబర్ లింకు (చక్రం ఎంత పక్కకు వాలాలో పట్టి ఉంచే కడ్డీ), ముందొక టవర్, వెనకొక టవర్, ఆ టవర్లను పట్టుకొని నాలుగు ఆయిల్ షాకులు (షాక్ అబ్జార్బర్లు). నలభై ఏళ్లుగా ఇదే నడుస్తోంది. దీన్ని కాదని షాకుల్ని అడ్డంగా పడుకోబెట్టి, మధ్యలో రాకర్ (ఇరుసు మీద ఊగే రెండు చేతుల ముక్క) పెట్టి, కింది నుంచి పుష్‌రాడ్‌తో (ఆర్మ్‌ను రాకర్‌కు కలిపే కడ్డీ) తోసే బగ్గీ కనబడితే ఎవరైనా వంగి చూస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ మన పాలమూరు, నల్లగొండ దిక్కు నేలల మీద దాంతో వచ్చేదెంత, పోయేదెంత అన్నది వేరే లెక్క.

షాక్ నిలబడి ఉందా, పడుకొని ఉందా అన్నది చక్రానికి తెలియదు. ఏ దారిన పైకి లేవాలి, లేచేటప్పుడు ఎంత బలం ఎదురొస్తుంది, మధ్యలో ఎక్కడ పట్టేస్తుంది. దానికి అందేది ఇంతే. కొత్త డిజైన్ ఏదైనా ఈ మూడింట్లో ఒకటి మార్చకపోతే అది అలంకారమే.

ముందు నేల సంగతి. మన చెల్కల్లో ఎండాకాలం పైన పలుచటి దుమ్ము పొర, దాని కింద సిమెంటంత గట్టి నేల. నాలుగు బండ్లు పది రౌండ్లు తిరిగితే మలుపుల దగ్గర చిన్న చిన్న అలల్లాంటి గుంతలు పడతాయి. మధ్యలో పలుగురాళ్లు తేలతాయి. దుబ్బ నేలైతే చక్రం కూరుకుపోతుంది గానీ దెబ్బ మెత్తగా తగులుతుంది. సాగర్ ఆయకట్టు కింద వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు ఆర్మ్ అడుగుకు తగులుతాయి. ఎండిన చెరువు శిఖంలో నెర్రెలు పడితే టూ వీల్ డ్రైవ్ బగ్గీ ముందు టైరు, సన్నగా ఉంటుంది కాబట్టి, సరిగ్గా అందులోనే దిగి ఆర్మ్ విరుగుతుంది. శిఖం మీద నడపకపోవడమే మంచిది, ఏ సస్పెన్షనూ దాన్ని కాపాడలేదు.

మిగతా నేలలకు కావాల్సింది, చిన్న అలల మీద మెత్తగా, ఎగిరి దిగినప్పుడు చివరి సెంటీమీటరులో గట్టిగా ఉండే స్ప్రింగు. మామూలుగా నిలబెట్టిన షాక్ మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే బలం చూపిస్తుంది. లోపలికి ఎక్కువ వాలిస్తే కొంచెం పెరుగుదల వస్తుంది, అదీ అంతంతే. రాకర్‌తో ఆ పెరుగుదల మనకు కావాల్సినంత పెట్టుకోవచ్చు. దీన్ని కట్టడానికి ఉన్న అసలు కారణం ఇదొక్కటే.

పాతవాళ్లు ఏం చేసి చూశారు

1979లో టామియా తెచ్చిన రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ బండ్లకు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తరహా ట్రైలింగ్ ఆర్ములు. ఆర్మ్ ముందు కొస ఛాసిస్‌కు, వెనక కొస చక్రానికి. గుంతలో పడగానే చక్రం పైకే కాదు, వెనక్కి కూడా జరుగుతుంది. దెబ్బ చాలా మెత్తగా తగులుతుంది. లోపం ఎక్కడంటే, దాని రోల్ సెంటర్ (బండి పక్కకు వాలేటప్పుడు ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది) నేల మట్టంలోనే ఉంటుంది, బండి మలుపులో వాలితే చక్రమూ అంతే వాలుతుంది. టైరు అంచు మీద నడిచి పట్టు పోతుంది.

ఇప్పటి బగ్గీలు ట్రైలింగ్ ఆర్మ్‌ను వదిలేశాయని చాలామంది అనుకుంటారు. పూర్తిగా వదల్లేదు, కిక్-అప్ రూపంలో దాచుకున్నాయి. ముందు ఆర్మ్ పిన్ను (ఆర్మ్ ఊగే ఇరుసు) 25 డిగ్రీలు ముందుకు ఎత్తి ఉంటే, చక్రం 20 మి.మీ. పైకి లేచేటప్పుడు 9 మి.మీ. పైచిలుకు వెనక్కి కూడా పోతుంది. ట్రైలింగ్ ఆర్మ్ మంచి గుణం అలా దక్కింది, చెడు గుణం పోయింది.

1984 నాటి గ్రాస్‌హాపర్‌లో వెనక మోటారు, గేర్‌బాక్స్, ఇరుసు అన్నీ ఒకే ముద్దగా చక్రాలతో పాటు లేచి పడేవి. అంత బరువు స్ప్రింగ్ కింద ఉంటే అలల నేల మీద చక్రం గాల్లోనే ఎక్కువసేపు ఉంటుంది. 1985లో వచ్చిన హాట్‌షాట్‌కు ముందొకటి, వెనకొకటి, మొత్తం రెండే షాకులు. రెండు చక్రాలకు ఒకే షాక్ పెడితే ఉన్న చిక్కు ఇది: బండి వాలినప్పుడు ఒక చక్రం ఎంత నొక్కుతుందో రెండోది అంత వదులుతుంది, షాక్ పొడవు మారదు. వాలకుండా ఆపే పనంతా యాంటీ రోల్ బార్ మీద పడుతుంది. 1988 అవాంటేలో మల్టీ లింకు. అదే కాలపు లోసీ జేఆర్‌ఎక్స్2 వెనక భాగంలో అయిదు లింకుల అమరిక. లింకుకు రెండు బాల్ జాయింట్ల చొప్పున లెక్కేయండి. ఒక్కో జాయింటులో వెంట్రుకవాసి లూజు వచ్చినా చక్రం దగ్గర అది టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మార్పుగా బయటపడుతుంది.

ఇటు 1984లో వచ్చిన అసోసియేటెడ్ ఆర్‌సీ10 సాదా ఆర్ములతో వచ్చింది. 1987లో ఇంగ్లండ్‌లోని రామ్సీలో జరిగిన ప్రపంచ పోటీల్లో టూ వీల్ డ్రైవ్ టైటిల్ ఆ బండికే దక్కింది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో మసామి హిరోసాకా షూమాకర్ క్యాట్‌తో గెలిచాడు, అదీ విష్‌బోన్ ఆర్ముల (మొదట చెప్పిన వెడల్పాటి ఆర్మ్ రకం) బండే. అప్పటి నుంచి అందరూ ఆ దారికే వచ్చారు. గుద్దుకుంటే ఒక ఆర్మ్, నాలుగు స్క్రూలు మార్చి మళ్లీ దిగొచ్చు. షాక్ వాలు మార్చాలంటే టవర్ మీద ఇంకో రంధ్రం చాలు.

రాకర్ మాత్రం చచ్చిపోలేదు. 2004లో ట్రాక్సస్ రెవో పుష్‌రాడ్, రాకర్, పడుకోబెట్టిన షాకులతో వచ్చింది. అది మాన్‌స్టర్ ట్రక్, పెద్ద చక్రాలకు పెద్ద కదలిక కావాలి కాబట్టి అక్కడ అతికింది. 2021లో టామియా సూపర్ అవాంటే టీడీ4 బగ్గీలోనూ షాకులు అడ్డంగానే పడుకున్నాయి.

కొలతలు

మోషన్ రేషియో అంటే చక్రం 1 మి.మీ. లేస్తే షాక్ ఎంత నొక్కుకుంటుందన్న లెక్క. ఇది తెలియకుండా రాకర్ కోస్తే డబ్బు, రెండు ఆదివారాలు దండగ.

1/10 (అసలు బండిలో పదో వంతు సైజు) టూ వీల్ డ్రైవ్ బగ్గీ వెనక భాగం తీసుకుందాం. వెడల్పు 250 మి.మీ. మించకూడదని పోటీ నిబంధన. టైరు వెడల్పులో సగం తీసేస్తే చక్రం నడిమి గీత బండి నడుమ నుంచి 103 మి.మీ. దూరంలో ఉంటుంది. ఆర్మ్ పిన్ను 23 దగ్గర ఉంటే, ఆర్మ్ పనిచేసే పొడవు 80. షాక్ కింది బోల్టు పిన్ను నుంచి 55 దగ్గర, షాక్ వాలు 20 డిగ్రీలు. 55ను 80తో భాగిస్తే 0.69. వాలుకు 0.94తో గుణిస్తే 0.65. స్ప్రింగ్ బలం చక్రం దగ్గరికి చేరేసరికి ఈ రేషియో వర్గంతో తగ్గుతుంది, అంటే 0.42. మిల్లీమీటరుకు 0.35 న్యూటన్ల వెనక స్ప్రింగ్ వేస్తే చక్రం దగ్గర దక్కేది దాదాపు 0.15.

ఇప్పుడు ఇదే 0.15ను రైడ్ హైట్ (బండి మామూలుగా నిలబడే ఎత్తు) దగ్గర నిలుపుకొని, పైకి పోయేకొద్దీ పెరిగేలా రాకర్ గీయాలి. పుష్‌రాడ్ కింది కొస ఆర్మ్ మీద పిన్ను నుంచి 40 దగ్గర, రాడ్ 30 డిగ్రీలు లోపలికి వాలి ఉండాలి. 40ను 80తో భాగించి 0.87తో గుణిస్తే 0.43. రాకర్‌లో రాడ్ తగిలే చేయి 16 మి.మీ., షాక్ తగిలే చేయి 22 మి.మీ. బండి రైడ్ హైట్‌లో నిలబడినప్పుడు రాడ్‌కు, దాని చేయికి మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. షాక్‌కు, దాని చేయికి మధ్య 67 డిగ్రీలు. ఈ 67లోనే కిటుకంతా ఉంది. చక్రం లేచేకొద్దీ అది 90 వైపు పోతుంది, షాక్ చేయి పట్టు పెరుగుతుంది. అదే సమయంలో రాడ్ చేయి 90 నుంచి పక్కకు పోయి పట్టు తగ్గుతుంది. రెండూ కలిసి స్ప్రింగ్‌ను గట్టిపరుస్తాయి.

లెక్క చూడండి. రైడ్ హైట్‌లో షాక్ చేయి అసలు పట్టు (ఇరుసు నుంచి షాక్ గీతకు ఉన్న లంబ దూరం) 20.2, దాన్ని 16తో భాగించి 0.43తో గుణిస్తే 0.55. వర్గం 0.30. స్ప్రింగ్ 0.5 న్యూటన్లది వేస్తే చక్రం దగ్గర 0.15. రాకర్ 23 డిగ్రీలు తిరిగి పైకొసకు చేరినప్పుడు షాక్ చేయి పట్టు నిండుగా 22, రాడ్ చేయి పట్టు 14.7. రేషియో 0.65కి పెరిగింది, చక్రం దగ్గర బలం 0.21 అయింది. అంటే పైకొసలో 40 శాతం గట్టి. చెల్క నేలకు ఇంతే చాలు. అరవై, డెబ్బై శాతం పెట్టాలని ఆశపడితే ఎగిరి దిగినప్పుడు బండి బంతిలా లేస్తుంది, ఆయిల్ ఆపలేదు.

0.35కు బదులు 0.5 స్ప్రింగ్ ఎందుకంటే, వెనక కూడా ముందు షాకులే వాడాలి. వెనక షాక్ పొడవు 100 మి.మీ. దగ్గర ఉంటుంది, అడ్డంగా పెడితే దాని రెండో కొస టవర్ దాటి బయటికి పోతుంది. ముందు షాక్ 85 లోపే ఉంటుంది. చక్రం మొత్తం 30 మి.మీ. కదిలితే షాక్‌కు కావాల్సింది 17, ముందు షాక్‌లో 20 దాకా ఉంటుంది. ముందు షాక్‌కు దొరికే స్ప్రింగుల్లో మెత్తనివి 0.5 దగ్గర మొదలవుతాయి. అందుకే చేతుల కొలత దానికి తగ్గట్టు 16, 22 అయ్యాయి.

లోహం కోసేముందు గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులో గీసి, అట్టముక్క రాకర్‌ను గుండుసూది మీద తిప్పి చూడండి. రాడ్ వాలు కూడా కదలికలో కొంత మారుతుంది కాబట్టి పై అంకెలు ఉజ్జాయింపే. ఆ తేడా అట్టలో కంటికి కనబడుతుంది.

కట్టడం

రాకర్‌కు 6 మి.మీ. అల్యూమినియం పట్టీ. దాన్ని పట్టుకునే ప్లేట్లకు 3 మి.మీ. గ్లాస్ ఎపాక్సీ షీట్. స్విచ్ బోర్డులకు వాడే హైలం షీట్ చవగ్గా, ఎక్కడైనా దొరుకుతుంది గానీ అది బోల్టు రంధ్రం దగ్గర పెళుసుగా పెచ్చులూడుతుంది. నమూనాకు వాడండి, రేసుకు వద్దు.

రాకర్ ఇరుసుకు బాల్ బేరింగ్ వేయాలని అందరికీ మొదట అనిపిస్తుంది. 693 నంబర్ బేరింగ్, 3×8×4, సరిపోతుంది కూడా. కానీ రాకర్ గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. గుండ్లు ఒకే చోట కొట్టుకొని కొన్ని వారాల్లో గాడిలో చుక్కలు పడతాయి, వేలితో తిప్పితే టకటకమంటుంది. దానికంటే గన్‌మెటల్ బుష్ మేలు. బోరు మోటార్లు బాగుచేసే వైండింగ్ షాపుల్లో గన్‌మెటల్ ముక్కలు ఉంటాయి, పక్కనే లేత్ ఉంటుంది. బయట 6, లోపల 3, పొడవు 8 మి.మీ. చేయించండి. 6 మి.మీ. రాకర్‌లో వైస్‌తో నొక్కితే రెండు పక్కలా 1 మి.మీ. చొప్పున బయటికి వస్తుంది, వాషర్ పని అదే చేస్తుంది. నొక్కాక లోపలి రంధ్రం కొంచెం బిగుసుకుంటుంది, 3 మి.మీ. రీమర్ ఒకసారి తిప్పాల్సిందే.

ఇరుసు బోల్టు ఎం3 (3 మి.మీ.), కానీ బుష్ ఉన్నంత మేర మర ఉండకూడదు. పూర్తి మర బోల్టు వేస్తే అది ఆకురాయిలా బుష్‌ను తినేస్తుంది. పొడవాటి బోల్టు కొని, నున్నటి భాగం లోపల ఉండేలా మర కొసను కోసుకోవడం తేలిక.

ఎక్కువగా విరిగేది ఈ ఇరుసు దగ్గరే. మామూలు అమరికలో షాక్ బోల్టు మీద చక్రం బలానికి ఒకటిన్నర రెట్లు పడుతుంది. ఇక్కడ పుష్‌రాడ్‌లో 2.3 రెట్లు, షాక్‌లో 1.8 రెట్లు, రెండూ కలిసి రాకర్ ఇరుసు మీద 2.1 రెట్లు. ఎగిరి దిగినప్పుడు చక్రం మీద 50 న్యూటన్లు పడితే ఇరుసు మీద 105. బోల్టును ఒక పక్కే ప్లేటుకు బిగించి రెండో పక్క గాలికి వదిలితే మొదటి రోజే వంగుతుంది. వంగిన బోల్టు మీద రాకర్ పట్టేస్తుంది, పట్టేసిన పక్క చక్రం కిందికి రాదు, బండి ఒక పక్క మలుపులో మాత్రమే జారుతుంది. చాలామంది టైర్లు మార్చి, డిఫరెన్షియల్ విప్పి, చివరికి ఇక్కడికొస్తారు. కాబట్టి రాకర్‌కు ముందొక ప్లేటు, వెనకొక ప్లేటు తప్పనిసరి. మధ్య సందు 8.1 నుంచి 8.2 మి.మీ. సన్నటి షిమ్ములతో సరిచేసి, నైలాన్ నట్టు వేసి, రాకర్ దాని బరువుకే పడేంత వదులుగా ఉంచాలి.

రాకర్ ఇరుసు ఆర్మ్ పిన్ను మట్టం కంటే 49 మి.మీ. ఎత్తులో, బండి నడుమ నుంచి 18 మి.మీ. పక్కకు ఉంటే కొలతలు కుదురుతాయి. షాక్ గీత 71 దగ్గర పడుతుంది. స్ప్రింగ్ లావు 19 దాకా ఉంటుంది కాబట్టి, షాక్ కింద ప్లేటు పై అంచు 58 దాటకూడదు. దాటితే స్ప్రింగ్ రాసుకొని సన్నగా గీరుతుంది, ఆ గీత దగ్గరే ఒకరోజు తెగుతుంది. కుడి షాక్ రెండో కొస ఎడమ పక్కన 48 మి.మీ. దూరంలో, ఎడమది కుడి పక్కన. రెండు షాకులు ఒకదాని ముందొకటి, నడిమి గీతల మధ్య 24 మి.మీ. ఎడం.

దీనివల్ల ఎడమ పుష్‌రాడ్ డ్రైవ్ షాఫ్ట్‌కు ముందు, కుడిది వెనక దిగుతుంది. చూడటానికి వంకరగా అనిపిస్తుంది గానీ, ఆర్మ్ రెండు కొసల్లో పిన్ను మీద కూర్చొని ఉంది కాబట్టి నడకలో తేడా తెలియదు. ఆర్మ్ లోపలి రంధ్రాలు మాత్రం ఎడమవి ముందు, కుడివి వెనక తొందరగా అరుగుతాయి. రాడ్‌కు, షాఫ్ట్ నడిమి గీతకు మధ్య 12 మి.మీ. ఉండాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా నొక్కినప్పుడు రెండుసార్లు చూసుకోండి.

రాడ్, రాకర్, షాక్ మూడూ ఒకే తలంలో కదలాలి. 2 మి.మీ. పక్కకు పోయినా రాకర్ మెలిపడి బుష్‌ను అండాకారంగా అరగదీస్తుంది. ముందు భాగానికి రాకర్ వద్దనేది కూడా ఇందుకే. అక్కడ కిక్-అప్ 25 డిగ్రీలు ఉంటే ప్లేట్లు, ఇరుసులు అన్నీ అదే 25 డిగ్రీలు వాలాలి. దానికితోడు సర్వో, స్టీరింగ్ లింకులు అడ్డం. ముందు మామూలు షాకులే ఉంచేయండి.

పుష్‌రాడ్‌కు ఎం3 టర్న్‌బకిల్ (తిప్పితే పొడవు మారే కడ్డీ), ఎడమ మర, కుడి మర ఉన్నది. సైకిల్ స్పోక్‌తో పని కాదు, దాని మర వేరు, బాల్ ఎండ్‌లో పట్టదు. బాల్ ఎండ్‌లు స్క్రూ ఆరపార పోయే రకం కావాలి. నొక్కి తగిలించే రకమైతే మొదటి గట్టి దెబ్బకే ఊడుతుంది, ఊడిన రాడ్ నేలలో దిగబడి ఆర్మ్‌ను చీలుస్తుంది. రెండు రాడ్‌ల పొడవుల్లో తేడా 0.2 మి.మీ. మించకుండా వెర్నియర్‌తో కొలవండి.

ఆర్మ్ మీద 40 దగ్గర కంపెనీ రంధ్రం ఉండదు. అక్కడ నేరుగా డ్రిల్ చేస్తే నైలాన్ ఆర్మ్ ఆ గీతనే పట్టుకొని విరుగుతుంది. పైనొకటి కిందొకటి 2 మి.మీ. అల్యూమినియం పట్టీలు పెట్టి, 12 మి.మీ. ఎడంతో రెండు ఎం3 బోల్టులు బిగించి, బలం పట్టీ అంతటా పడేలా చేయాలి. కింది పట్టీ అంచులు ఆకురాయితో గుండ్రం చేయకపోతే కొయ్యకాళ్లకు తట్టుకుంటుంది.

వెనక టవర్ పూర్తిగా పీకేయొద్దు. క్యాంబర్ లింకు, వింగ్ రెండూ దానికే ఉంటాయి. షాక్ రంధ్రాల భాగం మాత్రమే కోయండి.

బరువు గురించి ఒక మాట. షాకులు పడుకోబెడితే బండి బరువు కిందికి దిగుతుందని చెప్పుకుంటారు. పై కొలతల్లోనే చూడండి. నిలబెట్టిన షాక్ నడుమ పిన్ను మట్టం నుంచి 45 మి.మీ. ఎత్తులో ఉంటే, పడుకోబెట్టిన షాక్ 71 మీద ఉంది. కింద గేర్‌బాక్స్ ఉన్నప్పుడు అంతకంటే కిందికి పోదు. రెండు షాకులు 40 గ్రాములు అనుకుంటే బండి గురుత్వ కేంద్రం అర మి.మీ. పైనే లేచింది. రాకర్లు, ప్లేట్ల బరువు వేరే. గేర్‌బాక్స్ పొట్టిగా ఉన్న బండిలో నష్టం తగ్గొచ్చు, లాభం మాత్రం రాదు.

షాక్, ఆయిల్, ఎండ

పడుకున్న షాక్‌లో గాలి బుడగ ఉండకూడదు. నిలబెట్టినప్పుడు గాలి పైన టోపీలో ఉండిపోతుంది. అడ్డంగా ఉన్నప్పుడు పిస్టన్ దాకా పాకి వస్తుంది, మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు ఆయిల్ పనే చేయదు. గాలిని ఆయిల్‌లో కలిపి వాడే ఎమల్షన్ రకం షాకులు ఇక్కడ పనికిరావు, లోపల రబ్బరు బ్లాడర్ ఉన్నవే కావాలి. నిలబెట్టి నింపి, పిస్టన్ మెల్లగా పైకీ కిందికీ ఆడించి, పది నిమిషాలు వదిలి, బుడగలు పోయాక, షాక్ షాఫ్ట్ పూర్తిగా లోపలికి నొక్కి ఉంచి టోపీ బిగించండి. వదిలినప్పుడు షాఫ్ట్ తనంతట తాను బయటికి రాకూడదు. బండి మీద బిగించేటప్పుడు టోపీ కొసను 5 మి.మీ. ఎత్తులో పెడితే, మిగిలిన బుడగ ఏదైనా ఉంటే అటే పోతుంది.

ఆయిల్ బలం కూడా స్ప్రింగ్ లాగే రేషియో వర్గంతో తగ్గుతుంది. 0.42 నుంచి 0.30కి దిగాం కాబట్టి ఆయిల్ 1.4 రెట్లు చిక్కగా ఉండాలి. మామూలు అమరికలో 350 సెంటీస్టోక్ (చిక్కదనం కొలత) ఆయిల్ వాడేవాళ్లు ఇందులో 500 వాడాలి. అయితే సీసా మీది అంకె 25 డిగ్రీల దగ్గరిది. 45 డిగ్రీలకు సిలికాన్ ఆయిల్ చిక్కదనం సుమారు 30 శాతం పడిపోతుంది, 500 కాస్తా 345 అవుతుంది. పాలమూరు మే నెలలో నీడలోనే 42 దాటుతుంది, ఎండలో పెట్టిన నల్ల షాక్ ఇంకా పైకి పోతుంది. ఎండాకాలానికి 700 పోయండి. డిసెంబరు పొద్దున 15 డిగ్రీల్లో అదే ఆయిల్ జిగురులా ఉంటుంది, అప్పుడు 400 సరి. పిస్టన్ మార్చొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది చేసిన తేడానో తెలియదు.

రాకర్ బుష్‌ను దుమ్ముకు, గ్రీజుకు దూరంగా పెట్టండి. గ్రీజు పూసిన బుష్‌లో చెల్క దుమ్ము చేరితే అది వాల్వులు రుద్దే పేస్టుతో సమానం. బుష్ పొడిగానే ఉండనీయండి. షాక్ షాఫ్ట్ మీదికి చిన్న బెలూన్ కొసలు కోసి తొడగొచ్చు. బాల్ ఎండ్‌ల మీదికి సైకిల్ ట్యూబు ముక్క చాలు.

పట్టేస్తోందా లేదా

స్ప్రింగ్ వేయకముందే చూడాలి. మొదట రాడ్ విప్పి ఆర్మ్ ఎత్తి వదలండి, దాని బరువుకే పడాలి. తర్వాత రాడ్, రాకర్ తగిలించి, షాక్ లేకుండా. ఆ తర్వాత స్ప్రింగ్ లేని షాక్‌తో, నెమ్మదిగానైనా ఆగకుండా దిగాలి. ఏ మెట్టులో ఆగితే తప్పు ఆ మెట్టులో కలిపిన భాగానిది. అన్నీ బిగించేశాక వెతికితే దొరకదు.

షాక్ లోపల 2 లేదా 3 మి.మీ. స్పేసర్ వేసి, చక్రం కిందికి వేలాడే దూరానికి హద్దు పెట్టండి. హద్దు లేకపోతే రాకర్ వెనక్కి ఎక్కువ తిరిగి, షాక్ చేయి షాక్ గీతలోకి వాలిపోతుంది. అప్పుడు స్ప్రింగ్ రాకర్‌ను తిప్పలేదు, అది అక్కడే నిలిచిపోతుంది. రాకర్ ఎటు పక్కా 30 డిగ్రీలు మించి తిరగకుండా చూసుకుంటే ఈ బాధ ఉండదు.

రైడ్ హైట్ 20 మి.మీ., వెనక టో-ఇన్ 3 డిగ్రీలు, క్యాంబర్ మైనస్ ఒకటి, ఒకటిన్నర మధ్య. ఇవి మామూలు బగ్గీకి పెట్టేవే. కొలవడానికి పొలాల్లో వడ్లు ఎండబెట్టే సిమెంటు కల్లం బాగుంటుంది, కాకపోతే నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది కాబట్టి బండిని రెండు దిక్కులా తిప్పి కొలవండి. తర్వాత 30 సెం.మీ. ఎత్తు నుంచి వదలండి. ఛాసిస్ నేలకు అలా తాకి, ఒక్కసారే లేచి నిలవాలి. గట్టిగా టప్పుమంటే ఆయిల్ పలుచన. తాకకుండానే ఆగితే పెరుగుదల ఎక్కువైంది, షాక్ రెండో కొస కిందికో పైకో జరిపి ఆ 67 డిగ్రీలను 72 దాకా తేవాలి. ప్లేటు కోసేటప్పుడే ఆ కొస దగ్గర 4 మి.మీ. ఎడంతో మూడు రంధ్రాలు పెట్టుకుంటే మళ్లీ లేత్ దాకా పోనక్కర్లేదు.

1/8 బగ్గీకి ఇవే కొలతలు పెంచి కట్టొద్దు. బండి 3 కిలోలు దాటుతుంది, దూకే ఎత్తు ఎక్కువ. ఇరుసు కనీసం ఎం4, ప్లేటు 4 మి.మీ. కావాలి, ఆర్మ్ మీది పట్టీ చాలదు, ఆర్మే వేరేది చేయించాలి.

నడిపిన ప్రతిరోజూ రాకర్ పై కొస పట్టుకొని ముందుకీ వెనక్కీ ఊపండి. బుష్‌లో 0.1 మి.మీ. లూజు వచ్చిందంటే 22 మి.మీ. చేయి కొస దగ్గర పావు మి.మీ. పైనే ఊగుతుంది, వేలికి తెలుస్తుంది. బుష్ మార్చేటప్పుడు బోల్టు కూడా మార్చండి. అరిగిన బోల్టు మీద కొత్త బుష్ ఎక్కువ రోజులు నిలవదు.